ఈ మెట్లు కాదు

ఆవిడకు పుట్టినప్పుడు పెట్టిన పేరు బ్యాంకు పాసుపుస్తకంలో భద్రంగా ఉంది. ఇంట్లో మాత్రం అందరికీ ఆవిడ ‘గమనికే’. పెళ్ళైన కొత్తలో మొగుడి టిఫిన్ డబ్బా మీద ఒక చీటీ అంటించింది: "గమనిక: పై గిన్నెలో కూర పలచగా ఉంది. డబ్బాని పడుకోబెట్టకండి." ఆ మహానుభావుడు చీటీ చదవలేదు. డబ్బాని సంచిలో హాయిగా పడుకోబెట్టాడు. సంచి, చొక్కా, పక్క సీటు ఆయన పంచె అన్నీ కూరపాలు చేసుకుని ఇంటికొచ్చి, చీటీ అప్పుడు చదివి, పగలబడి నవ్వి, ఆ రోజు నుంచీ పెళ్ళాన్ని ‘గమనికా’ అని పిలవడం మొదలెట్టాడు. వాళ్ళమ్మ కూడా అదే అందుకుంది. మరిది ఒక్కడే వదినా అంటాడు, అదే పదివేలు.

పేరుకు తగ్గ ఉద్యోగమే దొరికింది ఆవిడకి. నీళ్ళ మోటారు కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున, థర్మాకోల్ ముక్క కింద, ఒక పల్చటి పుస్తకం ఉంటుంది చూశారా? చూసుండరు లెండి. మీరే కాదు, ఎవరూ చూడరు. అది రాసేది ఈవిడే. మోటార్ల కంపెనీలో టైపు చేయడానికి చేరింది. ఇంజనీరు రాసిచ్చిన కాగితం టైపు చేస్తూ చేస్తూ, "అయ్యా, నట్టు విప్పమన్నారు, బాగుంది. విప్పిన నట్టు ఎక్కడ పెట్టుకోవాలి? చేతిలో పట్టుకుంటే పైపు ఎవరు పట్టుకుంటారు, వాళ్ళ తాతా?" అని అడిగింది. ఇంజనీరు తన పెన్ను తీసి ఆవిడ ముందు పెట్టి, "నువ్వే రాసేయమ్మా" అన్నాడు. అంతే. ఇరవై ఏళ్ళ పైమాట. కంపెనీ మొత్తానికి పుస్తకాలు రాసే మనిషి ఆవిడొక్కతే. తనలాంటి ఇంకో మనిషి ఈ భూమ్మీద ఉన్నట్టు కూడా ఆవిడకి తెలీదు.

చదివే మనిషినీ చూడలేదు. అసలు బాధ అదే. మొగుడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. "నేను చదవడానికి అద్దాలిస్తాను, నువ్వు ఎవరూ చదవని పుస్తకాలు రాస్తావు, మన కాపురానికి దిష్టి తగలదు" అని ఆయన హాస్యం. అత్తగారైతే హాస్యం కూడా కాదు, నిజంగానే అడుగుతుంది: "ఏమే, అవి ఎవరైనా చదువుతారంటావా?" ఆ పుస్తకాలే అత్తగారి అలమరలో గిన్నెల కింద పరిచి ఉంటాయి. మంచి మందం కాగితం, మరక పట్టదు. గమనిక నవ్వేసేది. నవ్వి లోపలికెళ్ళి, ఆ మాటే పట్టుకుని సాయంత్రమంతా నలిగిపోయేది.

ఇంతలో మోటార్ల కంపెనీని ఇంకెవరో పెద్దవాళ్ళు కొనేశారు. వాళ్ళకి రాసేవాళ్ళు వేరే ఉన్నారట. గమనికకి ఒక పూలగుత్తి ఇచ్చి, ఫొటో తీసి, సాగనంపారు. 

మరిదికి టైల్స్ షోరూమ్ ఉంది. మంచివాడు, మనసులో ఏదీ దాచుకోడు. "వదినా, నువ్వు ఊరికే దిగాలుగా కూర్చోకు. మా షాపులో కౌంటర్ చూసుకో. సోమవారం వచ్చేయ్" అన్నాడు. అత్తగారికి ఆ మాట తేనెలా తగిలింది. మొగుడు మాత్రం భార్య మొహం చూసి, "నీ ఇష్టం" అన్నాడు. ఇష్టమేమిటి, తద్దినమేమిటి! ఒప్పుకుంటే ఇక రాయడమన్నది ఉండదని ఆవిడకి తెలుసు. ఒప్పుకోకపోతే చేతిలో వేరే దారీ లేదు. సోమవారం దాకా ఆగమంది.

అప్పుడే ప్రెస్సు ఆయన ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళూ ఆవిడ పుస్తకాలు అచ్చేసినవాడు. "అమ్మా, మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారండీ" అన్నాడు, అడవిలో కొత్త జంతువుని చూసొచ్చినవాడిలా. యంత్రాలకీ, మందులకీ, కంప్యూటర్లకీ పుస్తకాలు రాసేవాళ్ళు నెలకోసారి శనివారం సాయంత్రం ఒక బేకరీ పైన గదిలో చేరతారట. సంఘం కాదు, అధ్యక్షుడు లేడు, దండలు లేవు, ఉపన్యాసాలు అంతకన్నా లేవు. టీ తాగి, పని కబుర్లు చెప్పుకుని, ఎక్కడ ఖాళీ ఉందో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఈసారి ఆస్పత్రి పరికరాల కంపెనీ నుంచి ఒక పెద్దావిడ వస్తోంది, ఒక మనిషి కోసం వెతుకుతోంది, మొదట్లో కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. "మీరు తప్పకుండా వెళ్ళండి. కొంచెం ముందే వెళ్ళండి" అని ఆహ్వానం ఫోనులో పంపాడు.

ఆ ఆహ్వానం గురించి చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

దాన్ని మొదట రాసింది ఆ కబుర్లు నడిపే మనిషి, లిఫ్టుల కంపెనీలో పుస్తకాలు రాసే ఆయన. పాపం, శుభ్రంగా రాశాడు: "బేకరీ లోపలికి వెళ్ళి, ఓవెన్ పక్కనున్న మెట్లెక్కి పైగదికి రండి." అక్కడితో పంపేస్తే గొడవే ఉండేది కాదు. అలవాటు కొద్దీ, "ఒకసారి చూడండి" అని తోటివాళ్ళకి పంపాడు. రాతగాళ్ళకి ఒక వాక్యం పంపి చూడమనడమంటే కోడిగుడ్డు చేతికిచ్చి ఈకలున్నాయేమో చూడమనడమే. బేకరీకి వెళ్ళినవాడు లోపలికి వెళ్ళకుండా ఏం చేస్తాడు, ఆ మాట అనవసరం అన్నాడొకడు. కొట్టేశారు. ఓవెన్ అనేది వంటవాళ్ళ సామాను, పాఠకుడికి దానితో పనేమిటి అందొకావిడ. అదీ పోయింది. మెట్లెక్కితే పైకి కాక కిందికెళ్తారా అని ఇంకొకడు పైగదిని పీకేశాడు. బేకరీ అంటే మరీ తేలికగా ఉందని చివర్లో ఎవరో దాన్ని ‘సమావేశ స్థలం’ చేశారు. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అని ఊరికే అన్నారా! చివరికి మిగిలింది ఇది: "సమావేశ స్థలానికి చేరుకుని మెట్లు ఎక్కండి." కింద భవనం నంబరు, వీధి. అందరూ భేష్ అనుకున్నారు. రాసినవాళ్ళందరికీ దారి ముందే తెలుసు కదా మరి!

గమనిక శనివారం సాయంత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, తను రాసిన పుస్తకాల్లో బాగున్నవి ఏరి సంచిలో పెట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర అత్తగారు, "ఎదురుగా కూర్చుని మాట్లాడు. మూల చూసుకుని కూర్చోకు" అని హెచ్చరించింది. ముందే చేరింది కూడా. భవనం దొరికింది. పక్క సందులో బయటికి కనిపించేలా ఇనుప మెట్లున్నాయి. ఎక్కమన్నారు, ఎక్కింది. మొదటి అంతస్తులో పిల్లల డ్యాన్స్ క్లాసు. టీచరమ్మ ఈవిడ్ని చూసి, "అమ్మాయిని తీసుకురాలేదేం?" అంది. "ఏ అమ్మాయండీ?" అని ఈవిడ. అక్కడ సర్దిచెప్పి ఇంకా పైకెక్కితే డాబా. నీళ్ళ ట్యాంకు పక్కన ఇద్దరు మగవాళ్ళు మెడలో కంపెనీ కార్డులతో బుద్ధిగా నిలబడి ఉన్నారు.

"రాతగాళ్ళ కబుర్లు ఇక్కడేనాండీ?" అంది.

"ఇక్కడే. వీరే నిర్వహిస్తున్నారు" అన్నాడు మొదటివాడు రెండోవాణ్ణి చూపిస్తూ.

"నేనా? మీరు కాదూ?" అన్నాడు రెండోవాడు. ఎవరూ రావడం లేదేమిటని చాలాసేపటి నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకుని మర్యాదగా నవ్వుకుంటున్నారట.

ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని గమనిక కిందికొచ్చి బేకరీ ఆయన్ని అడిగింది. ఆయన బ్రెడ్డు కోస్తూ తలెత్తకుండానే, "లోపల్నుంచమ్మా. ఓవెన్ పక్కన మెట్లు. ఇది చెప్పలేక చస్తున్నాను" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే, మైదా బస్తాల వెనక సన్నటి మెట్లు. పైనుంచి నవ్వులు, కప్పుల చప్పుడు వినిపిస్తున్నాయి. డాబా వాళ్ళిద్దరూ చకచకా ఎక్కేశారు. పెద్దావిడ వచ్చేసిందని పైనుంచి ఎవరో టీలకి కేకేస్తూ అన్న మాట గమనిక చెవిన పడింది.

ఆవిడ కూడా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నిజం చెప్పాలంటే అక్కడే ఎక్కేసి ఉండాల్సింది. నేనైతే ఎక్కేసేదాన్ని. కానీ ఆవిడ మనసు కింద వీధిలో ఉండిపోయింది. ఇంకా రావాల్సినవాళ్ళు ఎంతమందో! అంతా ఆ ఇనుప మెట్లెక్కి, డ్యాన్సు టీచరమ్మతో తిట్లు తిని, ట్యాంకు పక్కన నిలబడాలి కాబోలు. తప్పు దారి చెప్పే కాగితం ఒకటి ఊళ్ళో తిరుగుతుంటే ఆవిడకి టీ గొంతు దిగుతుందా?

"అయ్యా, ఒక కేకు డబ్బా మూత ఇస్తారా? పేర్లు రాసే పెన్ను కూడా" అంది. మూత మీద పెద్ద అక్షరాలతో రాసింది: "రాతగాళ్ళ కబుర్లకి ఈ మెట్లు కాదు. బేకరీ లోపలికి వెళ్ళండి. ఓవెన్ పక్కనున్న మెట్లు ఎక్కండి." తీసుకెళ్ళి ఇనుప మెట్ల పక్క గోడకి టేపుతో అంటించింది. ఒక్క నిమిషం పనే. వెనక్కి తిరిగి, సందు కనిపించే చోట ఉన్న రొట్టెల ట్రేల దాకా వచ్చింది కూడా.

అప్పుడు వచ్చింది ఒక అమ్మాయి. వీపు మీద ల్యాప్‌టాప్ సంచి, చేతిలో ఫోను. ఇనుప మెట్ల మీద కాలు పెట్టబోయి, ఆగి, మూత వైపు తిరిగింది. పెదాలు కదుపుతూ చదివింది. ‘ఓహో’ అన్నట్టు తలూపి, కాలు వెనక్కి తీసుకుని, బేకరీలోకి వెళ్ళి, బస్తాలు దాటి, మెట్లెక్కి మాయమైపోయింది.

గమనిక రొట్టెల ట్రేల వెనక కొయ్యబారి నిలబడిపోయింది.  తను రాసింది ఒక మనిషి చదవడం, చదివి అలాగే చేయడం, ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి కళ్ళారా చూడటం! ఆ పిల్ల వెంటపడి కావిలించుకోవాలనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంట్లో మైదా పడిందనుకుని బేకరీ ఆయన తువ్వాలు ఇచ్చాడు.

ఇక అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. ఇంకొకాయన వచ్చాడు, చదివాడు, సరిగ్గా వెళ్ళాడు. ఇంకొకావిడ, సరిగ్గా వెళ్ళింది. ఫోన్ మోగింది. మొగుడు. "కలిశావా?" "లేదండీ, ఒకాయన చదువుతున్నాడు, ఆగండి." "ఏం చదువుతున్నాడు? ఎవరు? నువ్వెక్కడున్నావు?" "ట్రేల వెనకాల." "గమనికా, నీకు పుణ్యముంటుంది, పైకి వెళ్ళు!" "వెళ్తున్నా, ఒక్కరు, ఇంకొక్కరు." ఫోన్ పెట్టేసింది. ఆలస్యం అమృతం విషం అని తెలియక కాదు. ఇంత తీపి ఆవిడ నాలుక్కి ఎప్పుడూ తగల్లేదు.

అప్పుడు దిగాడొక బట్టతలాయన ఆటోలోంచి. హడావిడిగా వచ్చి, మూత వంక చూసి, తలూపి, ఇనుప మెట్లే ఎక్కేశాడు!

"ఓరి నాయనో!" అని గమనిక చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనకే పరిగెత్తింది. డ్యాన్స్ టీచరమ్మ తలుపులోంచి, "మళ్ళీ మీరేనా!" అంది. డాబా మీద దొరికాడాయన, ఆయాసపడుతూ.

"ఏవండీ, మీరు దారి తప్పారండీ! నాకు చాలా సంతోషంగా ఉందండీ!" అంది గమనిక, తనూ ఆయాసపడుతూ.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కాదండీ, ఆ మూత మీద రాసింది నేనే. అందరూ సరిగ్గా వెళ్తే నాకేం తెలుస్తుంది? మీరు ఏ మాట చూసి ఎక్కారు? మొదట ఏది కనపడింది? సిగ్గుపడకుండా చెప్పండి."

ఆయన ఆలోచించాడు. "‘మెట్లు ఎక్కండి’ అని కింద ఉంది. పక్కనే మెట్లున్నాయి. ఎక్కాను" అన్నాడు. "మొత్తం చదవలేదమ్మా. నేనూ రాసేవాణ్ణే. మందు సీసాల పెట్టెల్లో ఉండే కాగితాలు రాస్తాను. మనం రాస్తాం గానీ చదువుతామా ఎక్కడైనా?"

గమనిక నెత్తి మీద చిన్నగా కొట్టుకుంది. అవును మరి! ఎక్కకూడని మెట్ల పక్కన నిలబడి ‘మెట్లు ఎక్కండి’ అని ఎవరంటారు? ఓవెన్ పక్క మాట ఓవెన్ పక్కనే చెప్పాలి. మనిషి కాలు ఎక్కడుంటే మాట అక్కడుండాలి. ఇన్నేళ్ళూ టేబుల్ ముందు కూర్చుని రాస్తే తోచలేదు, ఈయన దారి తప్పితే తోచింది. ఆయన్ని లోపలి మెట్ల దాకా దిగబెట్టి, పాత మూత ఆయన చేతికే ఇచ్చేసి, బేకరీ ఆయన్నడిగి కొత్తవి రెండు పుచ్చుకుంది. సందులో ఒకటి: "ఈ మెట్లు కాదు. బేకరీ లోపలికి రండి." లోపల ఓవెన్ పక్కన ఇంకొకటి: "ఈ మెట్లే."

ఆ రెండోది అంటిస్తుంటే టేపు వేలికి చుట్టుకుని ఒక పట్టాన రావడం లేదు. మెట్ల మీంచి ఎవరో దిగుతూ, "కాస్త పక్కకి జరుగుతారా అమ్మా" అన్నారు. గమనిక గోడకేసి చూస్తూనే జరిగింది. ఆ మనిషి వెళ్ళిపోయింది. బయట కారు తలుపు పడ్డ చప్పుడైంది. గమనిక టేపు సరిచేసుకుని, అట్టని అరచేత్తో రెండుసార్లు అదిమి, చీర దులుపుకుని, ఆఖరికి పైకి ఎక్కింది.

గదినిండా మనుషులు. లిఫ్టుల ఆయన ఎదురొచ్చి కుర్చీ వేశాడు. "పెద్దావిడ ఎక్కడున్నారండీ?" అంది గమనిక సంచిలో పుస్తకాల మీద చెయ్యి పెట్టుకుని.

"ఆవిడా? ఇప్పుడే దిగారే! మీకు మెట్ల మీద ఎదురుపడే ఉంటారు."

గమనిక కూర్చుండిపోయింది. కాస్త పక్కకి జరుగుతారా అమ్మా! జరిగింది, ఎంచక్కా జరిగింది. చేతిదాకా వచ్చినదాన్ని చేజేతులా సాగనంపి, తలుపు తీసి పట్టుకున్నంత పని చేసింది.  ఏడుపు ఆపుకుందామంటే ఆగలేదు. "ఉద్యోగం కోసం వచ్చానండీ" అని అందరి ముందూ చెప్పేసి కళ్ళు తుడుచుకుంది.

"మరి ఇంతసేపూ కింద ఏం చేస్తున్నారు?" అన్నారెవరో.

బట్టతలాయన లేచాడు. పాత మూత పైకెత్తి జరిగిందంతా చెప్పాడు. లిఫ్టుల ఆయన మొహం ఎర్రబడింది. ఆహ్వానంలో ఓవెన్ ఎవరు తీసేశారని మొదలైంది గొడవ. నువ్వంటే నువ్వని తోసుకున్నారు. డాబా వాళ్ళిద్దరూ తాము పడ్డ అవస్థ చెబుతుంటే గదంతా నవ్వు. గమనిక కూడా, ఏడుస్తూనే, నవ్వింది. చివరికి ఎవరో, "అయితే ఆ కొత్తవి చూద్దాం పదండి" అన్నారు.

టీ కప్పులు పట్టుకుని అందరూ దిగారు. ఓవెన్ దగ్గరది చూసి, బయటికి నడిచి, సందులో గోడ ముందు గుమిగూడారు. అంతమంది తన గోడని అలా తేరిపార చూస్తుంటే బేకరీ ఆయన మున్సిపాలిటీ వాళ్ళేమోనని హడలిపోయాడు. ఆ వాక్యాన్ని ముందు నుంచీ, పక్క నుంచీ చూశారు. ఇనుప మెట్ల దగ్గరికెళ్ళి అక్కణ్ణుంచి కూడా చదివారు. ఓవెన్ మాట కొట్టేసినావిడ జేబులోంచి పెన్ను తీసింది, దాని క్యాపు ఊడదీసింది, అట్టని కాసేపు చూసి మళ్ళీ పెట్టేసుకుంది.  ఎవరూ ఒక్క మాట కూడా తీయమనలేదు, కలపమనలేదు. అటువంటి మనుషులు కుక్కిన పేనుల్లా నిలబడటం కన్నా పెద్ద సన్మానం ఇంకేముంటుంది చెప్పండి!

వెళ్ళేటప్పుడు లిఫ్టుల ఆయన, "పెద్దావిడకి సోమవారం నేనే ఫోన్ చేస్తానండీ. ఏమంటారో చెప్పలేను. మీరు మాత్రం వచ్చే నెల రావాలి. ఆహ్వానం మీరే రాయాలి" అన్నాడు. "ఎవరికీ చూపించను" అంది గమనిక. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చేసరికి మరిది సోఫాలో కూర్చుని ఉన్నాడు, సమాధానం కోసం. మొగుడు టీవీ కట్టేశాడు. అత్తగారు కాళ్ళు ముడుచుకుని, "ఏమైందే?" అంది.

గమనిక అంతా చెప్పింది. పెద్దావిడకి దారిచ్చిన సంగతి చెబుతుంటే మొగుడు నెత్తి పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ అమ్మాయి దగ్గరికొచ్చేసరికి ఆవిడ అత్తగారి వైపు తిరిగింది. "పెదాలు కదుపుతూ చదివింది అత్తయ్యా. ఒక్కొక్క మాటా చదివింది. చదివి, కాలు వెనక్కి తీసుకుంది. నేను రాస్తే ఒక మనిషి కాలు ఆగింది. ఇన్నేళ్ళూ గోడకి చెప్పుకున్నట్టు రాశాను, నాకు తెలియలేదు, ఎక్కడో ఎవరో ఇలాగే చదువుతూ ఉండి ఉంటారు కదా?"

 అత్తగారు కోడలి మొహం వంకే చూస్తోంది.

మరిది మెల్లగా కదిలాడు. "సరే వదినా, ఆవిడైతే వెళ్ళిపోయింది. సోమవారం మరి షాపుకి..."

"రాదురా" అంది అత్తగారు. "ఇంకెవర్నైనా చూసుకో. దీనికి పనుంది."

"ఏం పనమ్మా? ఉద్యోగం దొరకలేదంటుంటే!"

"ఉద్యోగం లేదంది గానీ, పని లేదందా?" అని కొడుకుని కసిరి, ముసలావిడ కోడలి వైపు జరిగింది. "ఊఁ, చెప్పవే. ఆ బట్టతలాయన తర్వాత ఎవరొచ్చారు? సరిగ్గా వెళ్ళారా?"